ఇనుముకు ఒక రోజు, విత్తుకు పది రోజులు

ల్యాప్‌టాప్ బేరం కుదిరిన పిదప దుకాణంలోని కుర్రవాడు మరొక ధర చెప్పాడు. ఏడాది వారంటీని మూడేళ్లకు పొడిగించడానికి వెల అది. "తీసుకోండి మాస్టారూ, నిశ్చింతగా ఉంటుంది" అన్నాడు. రేపు చెబుతానని ఇంటికి వచ్చి, అలవాటు కొద్దీ యాజ్ఞవల్క్యస్మృతి తీశాను.

కొన్న సరకును పరీక్షించుకొనే గడువులు అందులో వ్యవహారాధ్యాయంలో ఉన్నాయి. విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువు మోసే పశువుకు ఐదు, రత్నాలకు ఏడు, పాడి పశువుకు మూడు. (దాసదాసీలకు కూడా గడువు చెప్పిన శ్లోకమే అది. ఆ కాలపు మచ్చను దాచి ప్రయోజనం లేదు.) ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరనే పదమూడవ శతాబ్దంలో మన కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించాడు. మనువు పది రోజులని ఒకే మాటతో సరిపెట్టాడు గాని, యాజ్ఞవల్క్యుని లెక్కే నాకు నచ్చుతుంది. విత్తు మొలిస్తే గాని దాని గుణం తెలియదు. ఇనుము సంగతి సుత్తి దెబ్బ చెబుతుంది. గడువును వస్తు స్వభావమే నిర్ణయించాలి.

అంతకు ఎంతో ముందే, క్రీస్తుపూర్వం పద్దెనిమిదవ శతాబ్దంలో, బాబిలోను రాజు హమ్మురాబి తన శాసనంలో పడవ పనివాని సంగతి వ్రాయించాడు. అతడు పని చేసిన పడవ ఆ ఏడాదిలోనే చెడితే, తన ఖర్చుతో మళ్లీ గట్టిగా చేసి ఇవ్వాలి. ఆ నల్లరాతి స్తంభం నేడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. అక్కడ పూచీ పనివాని ధర్మం. దానికి వేరే వెల లేదు. కుర్రవాడు నాకు అమ్మజూపినది పూచీ కాదు, భీమా.

ఇక ఒడిలోకి వచ్చిన యంత్రం కథ. 1981లో వచ్చిన ఆస్బోర్న్ 1 బరువు సుమారు పదకొండు కిలోలు, తెర ఐదు అంగుళాలు, వెల 1795 డాలర్లు. ఒడిలో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కవలసిందే! దాని కర్త ఆడమ్ ఆస్బోర్న్ బాల్యం గడిచింది మన పొరుగున, తిరువణ్ణామలైలో. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి భక్తుడు, ఆయనపై గ్రంథాలు వ్రాసినవాడు. సూరి నాగమ్మగారి 'శ్రీ రమణాశ్రమ లేఖలు' చదివిన తెలుగువారికి ఆ ఊరు పరాయిది కాదు. యంత్రం మొదట బాగానే అమ్ముడుపోయింది. తరువాత, రాబోయే నమూనా గురించి ముందే చాటడంతో కొనేవారు ఆగిపోయారని అంటారు. పోటీ కూడా తోడైంది. 1983 సెప్టెంబరులో సంస్థ దివాలా తీసింది. కొన్నవారి ఇళ్లలో యంత్రాలు నడుస్తూనే ఉన్నాయి, పూచీ పడ్డ చేయి మాత్రం లేదు.

1982 నాటి గ్రిడ్ కంపాస్ దీనికి పూర్తిగా భిన్నం. మెగ్నీషియం తొడుగు, కదిలే భాగాలు లేని బబుల్ మెమరీ. నాసా దానిని అంతరిక్షనౌకలలోకి ఎక్కించింది. వెల 8150 డాలర్లు! 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ వచ్చింది, 2005లో లెనోవో చేతికి వెళ్లింది.

ఇంటిపేరు చూసి సంబంధం కలుపుకున్నట్టు కంపెనీ పేరు చూసి కొంటాం. లోపాలు మాత్రం పేరును బట్టి రాలేదు. 2006లో సోనీ ఘటాలున్న బ్యాటరీలను డెల్ 41 లక్షలు, ఆపిల్ 18 లక్షలు వెనక్కు పిలిచాయి. 2008లో ఎన్విడియా చిప్పుల లోపం ఒకేసారి పలు కంపెనీల యంత్రాలకు సోకింది. ఆపిల్ 2015లో తెచ్చిన సీతాకోకచిలుక మీటల కోసం 2018లో, కొన్ననాటినుండి నాలుగేళ్లపాటు ఉచిత మరమ్మతు ప్రకటించవలసి వచ్చింది. అదనపు వారంటీ కొన్నవారికీ కొననివారికీ ఇది దక్కింది.

2009లో స్క్వేర్‌ట్రేడ్ అనే సంస్థ ముప్పైవేల యంత్రాలను లెక్కించి, మూడేళ్లలో దాదాపు మూడో వంతు చెడుతున్నాయని, వాటిలోనూ మూడో వంతు పడిపోవడం, తడవడం వంటి ప్రమాదాల వల్లనేనని చెప్పింది. ఆ సంస్థ అమ్మేది వారంటీలే. లెక్కను కొంచెం ఉప్పు తగ్గించి తినాలి. సాధారణంగా వారంటీ ప్రమాదాన్ని లెక్కించదు, అరిగే బ్యాటరీని ఎక్కువకాలం మోయదు. పైగా యంత్రాల లోపాలు శైశవంలోనో వార్ధక్యంలోనో ఎక్కువ. శైశవాన్ని మొదటి ఏడాది పూచీ కాస్తుంది, నడివయసును మనం సొమ్ము పెట్టి కొంటాం. రోజూ బస్సులో మోసుకుపోయేవారు ప్రమాదాలకు వర్తించే పత్రం తీసుకోవడం న్యాయమే. నాది బల్ల దాటని యంత్రం.

నా పాత యంత్రంలో పదకొండో నెలలో డిస్కు పోయింది. వారంలో కొత్తది వేశారు, పైసా అడగలేదు, ఏ తప్పూ పట్టలేను. అయితే అది ఖాళీది. మా నాన్నగారి నోటుపుస్తకాల నుండి ఎత్తివ్రాసిన మూడువందల పుటలు పాతదానితో పోయాయి. పుస్తకాలున్నాయి గనుక మళ్లీ కూర్చున్నాను, కాని సిరా అప్పటికే మరికొంత వెలిసింది. కొన్ని పంక్తులు రెండోసారి చదవలేకపోయాను.

మర్నాడు వారంటీ వద్దన్నాను. బ్యాటరీ, డిస్కు మరలు విప్పి మార్చుకోగల నమూనా ఎంచాను, మా ఊళ్లోనే మరమ్మతు చేసేవాడున్నాడని కనుక్కున్నాను. మిగిలిన సొమ్ముకు రెండు బయటి డిస్కులు వచ్చాయి. ఒకటి మా అమ్మాయి ఇంట్లో ఉంచాను. విత్తుకిచ్చినట్టే యంత్రానికి పది రోజుల పరీక్ష పెట్టాను. నేటికి ఆరో రోజు. కుడివైపు షిఫ్టు మీట కొంచెం బిగువుగా ఉంది.