గొడ్డలి లెక్క నుంచి ఉపగ్రహ చిత్రం దాకా: భద్రాచలం అడవుల కొలత

1860లో నిజాం ఏలుబడి నుంచి ఆంగ్లేయుల చేతికి వచ్చిన భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సుల్లో ఉండి, ఆ తరువాత మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరాయి. సెంట్రల్ ప్రావిన్సుల కాలంలో రేకపల్లి పోడుకు పన్ను గొడ్డలి లెక్కన ఉండేది. ఒక గొడ్డలితో నరకగలిగినంత నేలకు నాలుగు అణాలు. మద్రాసు ప్రభుత్వం దానిని దాదాపు మూడింతలు చేసి, కొన్ని జాతుల చెట్లను నరకరాదన్నది. 1879లో మొదలైన రంప తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి గల కారణాలలో ఇదొకటి. అడవి కొలతకూ అధికారానికీ ఉన్న ముడి ఈ సీమలో అంత పాతది.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చేనాటికి గోదావరి ఎడమ గట్టు అడవి మద్రాసుది, కుడి గట్టున ఉన్న పాల్వంచ అడవి నిజాముది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం అందులో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది. కనుక "ఖమ్మం జిల్లా అటవీ విస్తీర్ణం" అన్న మాట ఒక్కొక్క దశాబ్దంలో ఒక్కొక్క భూభాగాన్ని సూచిస్తుంది. జిల్లా పట్టికలను యథాతథంగా పక్కపక్కన పెట్టి అడవి తరిగిందనో పెరిగిందనో తేల్చడం పరిశోధనలో తరచుగా జరిగే పొరపాటు.

విస్తీర్ణం సరిపోలినా విచ్ఛిన్నత తెలియదు. రెండు కిలోమీటర్ల భుజం గల చదరపు అడవిని ఊహిద్దాం. అంచు నుంచి వంద మీటర్ల మేర ఎండ, గాలి, పశువుల తాకిడి ఉంటుందనుకుంటే, నాలుగు చదరపు కిలోమీటర్లలో 3.24 లోపలి అడవిగా మిగులుతుంది. రెండు బాటలు దానిని నాలుగు సమభాగాలు చేస్తే లోపలి అడవి 2.56కు పడిపోతుంది. బాటల వెడల్పును పక్కన పెడితే, పట్టికలో మాత్రం అదే నాలుగు. 2015లో వెలువడిన ఒక ప్రపంచస్థాయి అధ్యయనం, మిగిలిన అడవిలో సుమారు 70 శాతం అంచుకు కిలోమీటరు లోపే ఉందని చూపింది.

1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుంచి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా నివేదికలు ఇస్తున్నది. దాని నిర్వచనంలో, ఒక హెక్టారుకు తగ్గకుండా పది శాతం ఆకుకప్పు ఉన్న నేలంతా అటవీ ఆచ్ఛాదనమే. జాతితోగాని, యాజమాన్యంతోగాని పని లేదు. సారపాక కాగితపు మిల్లు చుట్టూ రైతులు వేసిన జామాయిల్ తోటలు ఈ లెక్కలోకి వస్తాయి. ఇప్పచెట్టు, తునికి, వెదురు పోయిన చోట జామాయిల్ లేస్తే పటం మీద చీలిక పూడినట్టే కనిపిస్తుంది. పక్కనే కోయల పోడుచెక్క మాత్రం అడవికి పడిన రంధ్రంగా నమోదవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికి ఆ చెక్క సాగులో ఉన్నదా లేదా అన్న వివాదంలోనూ ఉపగ్రహ చిత్రాలనే సాక్ష్యంగా చూపుతున్నారు. చట్టం మాత్రం గ్రామసభ విచారణకు, పెద్దల వాఙ్మూలానికి కూడా చోటిచ్చింది.

ఈ ప్రాంతపు విచ్ఛిన్నతను కొలవదలచినవారు జిల్లాను వదిలి, సరిహద్దు మారని కిన్నెరసాని, శబరి పరీవాహక ప్రాంతాలను ప్రమాణంగా తీసుకోవడం మేలు. తోటలను వేరుచేసి, పోడును దాని బీడు కాలంతో సహా గుర్తించాలి. బీడు ఎన్నేళ్లదో ఆ ఊరివారిని అడిగితేనే తెలుస్తుంది.