మెకంజీదొర గ్రంథసంచయము



ఇటీవల యాకుత్‌పురాలోని మా యింటి యటుకను దులిపించుచుండఁగా నొక తాటాకుల కట్ట దొరకెను. సగము చెదలపాలైనది. మిగిలిన యాకులలో నొక చెరువు పేరును, ఒక యినాముదారుని పేరును మాత్రమే చదువఁగలిగితిని. ఆ యూరేదో తెలియలేదు. ఏండ్ల తరబడి పిల్లలకుఁ జరిత్ర చెప్పిన నేను, నా యింటి చరిత్రను చెదలకు విడిచితినిగదా యని సిగ్గుపడితిని. అప్పుడు మెకంజీదొర జ్ఞప్తికి వచ్చెను.

కాలిన్ మెకంజీ స్కాట్లాండుకుఁ బడమట నున్న లూయిసు ద్వీపమువాఁడు. 1783లో సైన్యోద్యోగియై మన దేశమునకు వచ్చి, నైజాము రాజ్యమునను దక్షిణాపథమునను భూములు కొలిచి పటములు వ్రాసెను. కొలతతోఁ దృప్తి నొందక, ఆ భూమి పూర్వవృత్తాంతమును గూడఁ దెలిసికొనఁగోరెను. కాని యాతనికి మన భాషలు రావు. ఆ కొఱఁత దీర్చినవారు కావలి వెంకట బొఱ్ఱయ్యగారును, ఆయన సోదరుఁడు లక్ష్మయ్యగారును. వీరును, వీరి తోడివారును ఊరూరు దిరిగి, కరణముల కవిలెలను, గుడులలోని శాసనములను, వృద్ధుల నోటిమాటలను వ్రాసికొనిరి. మన మిప్పుడు కైఫీయతులని చెప్పుకొనునవి యివియే.

1821లో దొర మరణించెను. కుంపిణీవా రాతని సంచయమును లక్ష రూపాయలకుఁ గొనిరి. 1828లో విల్సను పండితుఁడు ప్రకటించిన పట్టికలో 1,568 వ్రాఁతప్రతులు, 2,070 స్థానికచరిత్రలు, 8,076 శాసనప్రతులు లెక్కకు వచ్చినవి. అందుఁ గొంత లండనునకును, కొంత మదరాసునకును జేరెను. మదరాసులో శిథిలమగుచున్న వానికి బ్రౌనుదొర మరల నకళ్లు వ్రాయించెను.

ఇఁక నొక మాట చెప్పక తప్పదు. మిగిలిన పనిని తాము సాగింతుమని లక్ష్మయ్యగారు కోరఁగా, 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు ఆయన యందులకుఁ దగఁడని తేల్చిరి. ఊరూరు దిరిగి తెచ్చిన చేతికే యర్హత లేదఁట! ఆ మాటకు మనవారు వాదముతోఁ గాక పనితో బదులు చెప్పిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. అది మనవారు తమ భాషకై తామే నిలిపికొన్న గ్రంథాలయము.

అయ్యలారా! మీ యటుకలమీఁద నింకను కట్టలుండవచ్చును. వానిని దింపుఁడు, దుమ్ము దులుపుఁడు, చదువఁగలవారిచేఁ జదివించి నకలు వ్రాయింపుఁడు. మీకుఁ దెలిసిన చెరువుల కథను, గుడుల కథను మనుమలకుఁ జెప్పి వ్రాయింపుఁడు. పరదేశి యడిగినప్పుడు మన పెద్దలు చెప్పిరి. ఎవరు నడుగకున్నను జెప్పుట మన విధి. నావలె నాలస్యము చేయకుఁడు. చెదలు మనకొఱకు వేచియుండవు.