నాయన చాదస్తానికి బిళ్ల ఉందా?

కడప నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా నాయనకు ఓసీడీ. టవల్ మడత తేడా వస్తే ఇంట్లో రచ్చ. పది రూపాయల లెక్క తేలకపోతే ఎవురినీ పండుకోనీడు. ఫ్లూయాక్సెటిన్ క్యాప్సూల్ విప్పి మజ్జిగలో కలిపితే తగ్గుతాదా?"

ఆగు తమ్ముడూ. ముందు ఆ మందు కథ విను.

ఓసీడీ ఉన్న మనిషి వద్దు వద్దు అనుకుంటూనే చేతులు కడుగుతాడు. ఆ ఆలోచనే అతన్ని సతాయిస్తుంది. ఓసీపీడీ అలా కాదు, అది స్వభావంలోనే ఉంటుంది. ఎక్కువమందికి తాము చేసేదే కరెక్ట్ అనిపిస్తుంది, తప్పంతా ఇంట్లోవాళ్లదే. 1908లో ఫ్రాయిడ్ ఇలాంటి స్వభావానికి మూడు గుర్తులు రాశాడు: అతి క్రమం, పిసినారితనం, మొండితనం. మనూళ్లో అయితే చాదస్తం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కాకపోతే ప్రతి చాదస్తమూ జబ్బు కాదు, మీ నాయనది ఏదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను.

కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో మొదలైంది. మరుసటి ఏడాదే స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే డాక్టర్, ఇమిప్రమిన్ అనే మందు డిప్రెషన్‌కు పనిచేస్తోందని రాశాడు. తర్వాత గైగీ కంపెనీ వాళ్లు ఆ అణువుకు ఒక్క క్లోరిన్ తగిలించి క్లోమిప్రమిన్ చేశారు. అదీ డిప్రెషన్ కోసమే! 1960ల చివర్లో స్పెయిన్ డాక్టర్లు ఓసీడీ వాళ్లకు ఇస్తే గుణం కనిపించింది. అమెరికాలో ఓసీడీకి అనుమతి వచ్చేసరికి 1989 అయింది. ఫ్లూయాక్సెటిన్ కూడా అంతే, 1987 చివర్లో డిప్రెషన్‌కు, 1994లో ఓసీడీకి.

ఇక్కడే మన హైదరాబాద్ వస్తుంది. 1970 పేటెంట్ చట్టం మన దేశంలో మందుకు పేటెంట్ తీసేసి, తయారీ పద్ధతికే ఉంచింది. వేరే పద్ధతిలో చేసుకుంటే చాలు, 2005 దాకా అమ్ముకునే వీలుండేది. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ ఆ దారిలోనే ఎదిగింది. అమెరికా కోర్టులో లిల్లీ పేటెంట్ ఓడిపోయాక, 2001 ఆగస్టులో 40 మిల్లీగ్రాముల ఫ్లూయాక్సెటిన్‌ను అక్కడికే తీసుకెళ్లి, 180 రోజులు ఆ డోసు జెనెరిక్ అమ్మే హక్కు ఒక్కటే తెచ్చుకుంది. భారత కంపెనీకి అలాంటి హక్కు రావడం అదే మొదటిసారి. నాకైతే గూస్‌బంప్స్.

కానీ గమనించారా, ఈ కథలో ఎక్కడా ఓసీపీడీ రాలేదు. దానికోసమని అమెరికా ఎఫ్‌డీఏ ఇప్పటికీ ఒక్క మందుకూ అనుమతివ్వలేదు. జరిగిన పరీక్షలు కొన్నే, అవీ చిన్నవి. డాక్టర్లు బిళ్ల రాసేది ఎక్కువగా దాంతోపాటు ఉన్న దిగులుకో, ఆందోళనకో. అసలు వైద్యం కూర్చోబెట్టి మాట్లాడే థెరపీ.

అందుకే మజ్జిగ ఐడియా వద్దే వద్దు. ఆయన మోకాళ్ల నొప్పులకు బిళ్లలు వాడుతుంటే, దీంతో కలిసి కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. చెప్పకుండా మందు పెట్టడం 2017 మానసిక ఆరోగ్య చట్టం స్ఫూర్తికే విరుద్ధం. తెలిసిందంటే నీ చేత్తో ఇచ్చిన నీళ్లు కూడా ముట్టడు.

"నీకు చాదస్తం" అంటే రాడు. నిద్ర పట్టట్లేదనో, టెన్షన్ అనో ఆయన నోటితోనే అన్న మాట పట్టుకుని కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో తీసుకుపో. ఆయన రానంటే నువ్వే టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.