దుప్పటి చాటున మామిడి

ఇవాళ సూరత్ దగ్గర హజీరాలో నిలబడితే కనపడేది ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు, జెట్టీల మీద క్రేన్లు, అవతలి ఒడ్డున ఉన్న ఘోఘాకి పోయే రోరో ఫెర్రీ. వాటన్నిటినీ కాసేపు పక్కకి జరిపి, పక్కనే ఉన్న సువాలీ తీరపు ఇసుక ఒక్కటే ఉంచండి. తపతీ నది మొగలో ఇసుక మేటలు. పెద్ద ఓడలు సూరత్ దాకా పోలేక ఇక్కడే లంగరు వేస్తాయి. 1615లో జహంగీర్ దర్బారుకి రాయబారిగా వచ్చిన థామస్ రో కాలు మోపింది ఈ ఒడ్డునే. మీరు దిగింది ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి.

బండెక్కి సూరత్ దాటి ఉత్తరానికి పోతే భరూచ్. ఇక్కడి నర్మద నీళ్ళలో ఉతికితే బట్ట మల్లెపూవులా వస్తుందని పేరు, అందుకే ఇంగ్లీషువాళ్ళు ఇక్కడొక మంచి ఇల్లు పెట్టుకున్నారు. సూరత్ కోఠీ ప్రెసిడెంటు దొర ఇవాళ ఆ ఇంట్లో దిగాడు. ఆయనతో వచ్చినవాళ్ళలో ఒక ఫ్రెంచివాణ్ణి గుర్తుపట్టండి. జాన్ బాప్తిస్త్ తావెర్నియే, వజ్రాల వర్తకుడు. మన కొల్లూరు వజ్రాల గనుల సంగతి చదివిన వాళ్ళకి తెలిసిన మనిషే. రవ్వని వెలుతురుకి పట్టి లోపలి నలుసు చెప్పగలిగిన కన్ను ఆయనది. ఆ కంటి మీద ఒక చూపు వేసి ఉంచండి.

దొరలు వచ్చారని తెలిసి గారడీవాళ్ళు వచ్చేశారు. మా విద్య చూస్తారా అని అడిగారు. దొరకి సరదా పుట్టింది.

ముందు పెద్ద మంట. అందులో ఇనప గొలుసులు ఎర్రగా కాలుతున్నాయి. వాటిని తీసి ఒంటికి చుట్టుకుంటున్నారు. బాధ పడుతున్నట్టు మొహాలు పెడుతున్నారు గానీ ఒంటిమీద బొబ్బ లేదు. ఇది జనాన్ని పోగుచెయ్యడానికి, గుండె వేగం పెంచడానికి. అసలు ఆట ఇంకా మొదలవలేదు.

ఇప్పుడొకడు చిన్న పుల్ల నేలలో గుచ్చాడు. ఏ పండు కావాలని అడిగాడు. గుంపులోంచి ఒకరు "మామిడి" అన్నారు. ఈ దేశంలో ఆ ప్రశ్నకి పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే జవాబు అదే. మిగిలిన ఆ ఒక్కడి మాట వినపడనట్టు ఉండటం కూడా విద్యలో భాగమే అనుకుంటాను.

గారడీవాడు దుప్పటి కప్పుకుని పుల్ల మీదికి వంగాడు. లేచాడు. మళ్ళీ వంగాడు. మీరు దుప్పటినే చూస్తున్నారు, అందరూ దుప్పటినే చూస్తున్నారు. తావెర్నియే మాత్రం మెల్లిగా తప్పుకుని మేడ గదిలోకి ఎక్కాడు. పైనుంచి చూస్తే దుప్పటి మడతలో చిన్న సందు కనపడింది. ఆ సందులోంచి ఆయన చూసిందేమిటంటే, ఆ మనిషి మంగలికత్తితో తన చంకలో గాటు పెట్టుకుని, ఆ నెత్తురు పుల్లకి రాస్తున్నాడు.

వాడు లేచినప్పుడల్లా పుల్ల పెరుగుతోంది. మూడోసారికి మొగ్గలతో కొమ్మలు. నాలుగోసారికి ఆకులు. అయిదోసారికి పూత. అరగంట కాలేదు, నాలుగైదు అడుగుల చెట్టు మీ ముందు నిలబడి ఉంది.

నాకు నచ్చేది ఈ మేడ మీది ఘట్టం. కింద కూర్చున్నవాళ్ళు చెట్టుని చూసి నోళ్ళు తెరిచారు, అంతే. పైకి ఎక్కిన తెలివైనవాడు మాత్రం రహస్యం పట్టేశానన్న నమ్మకంతో దిగాడు. పట్టింది నెత్తురు. నెత్తురుకి చెట్టు మొలవదు. అలాంటప్పుడు ఆ గాటు ఎవరి కోసం? మేడ ఉన్న ఇంట్లో, మెట్లెక్కే మనిషి ఒకడుంటాడని గారడీవాడికి తెలియదంటారా? సాక్ష్యమేమీ లేదు, నా అనుమానం మాత్రం అదే: దొంగచాటుగా చూసేవాడికి కూడా వాడొక ఆట సిద్ధం చేసుకుని వచ్చాడు.

తర్వాతి కాలంలో ఈ మామిడి విద్యని చూసి గుట్టు రాసినవాళ్ళు చెప్పింది చాలా సాదా సంగతి. ఒకదానికంటే ఒకటి పెద్దవైన మొక్కలు, కొమ్మలు ముందే కోసి దాచుకుంటారు. దుప్పటి కప్పిన ప్రతిసారీ ఒకటి తీసి ఇంకొకటి గుచ్చుతారు. మధ్యలో డప్పు, కబుర్లు, వేరే చిన్న ఆటలు. మామిడే ఎందుకంటే దాని ఆకు తోలులా ఉంటుంది. మడిచి చుట్టి కుక్కినా చిట్లదు, వదిలితే విచ్చుకుంటుంది. గోరింట కొమ్మయితే నలిగి వాడి పరువు తీస్తుంది.

చెట్టు సంగతి సరే, ఈ పనంతా నడిపించేది బట్ట. మన తెలంగాణలో సాధనాశూరులని ఉన్నారు. గారడీ, ఇంద్రజాలం వాళ్ళ వృత్తి, పద్మశాలీలు వాళ్ళ పోషకులు. సాలెవాడల్లో ఆట ఆడి, రావలసిన కట్నం పుచ్చుకుని పోతారు. బట్ట లేనిదే సాగని విద్య బట్ట నేసేవాళ్ళనే ఆశ్రయించిందంటే కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం అనడానికి బాగుంది. ఆ పద్మశాలీలు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డ ఊళ్ళలో సూరత్ ఒకటి. లింబాయత్ వైపు వెళ్తే మరమగ్గాల చప్పుడులో కరీంనగర్, వరంగల్ యాసలు వినపడతాయి.

సరే, భరూచ్ వాకిట్లోకి రండి, ఆట ఇంకా అయిపోలేదు. దొర పక్కన ఒక పాదిరి ఉన్నాడు, డచ్చి అధికారి బిడ్డకి బాప్తిస్మం ఇవ్వడానికి వచ్చినవాడు. క్రైస్తవులు ఇలాంటివి చూడకూడదని ఆయన మొదటే అభ్యంతరం చెప్పాడు. ఎండు పుల్ల పూత పూసేసరికి ఇక ఆగలేకపోయాడు. లేచి వెళ్ళి చెట్టు విరిచేశాడు. ఇంకా ఇక్కడే కూర్చుని చూసేవాడికి ఎవడికీ నేను ప్రభు భోజన సంస్కారం ఇవ్వనన్నాడు.

పాదిరి కోపంలో నిజాయితీ ఉంది గానీ, గారడీవాడికి అంత మేలు ఇంకెవరూ చేసి ఉండరు. చెట్టు అలాగే ఉంటే ఎవడో ఒకడు దగ్గరికొచ్చి మొదలు పట్టి లాగేవాడు, వేరుందా అని చూసేవాడు. ఇప్పుడు చూడటానికి ఏమీ మిగల్లేదు. సైతాను పనేనన్నట్టు పాదిరే ముద్ర వేశాడు.

దొర ఆట చాలించమన్నాడు. పది పన్నెండు ఫ్రెంచి ఎక్యూల విలువ చేసే డబ్బు చేతిలో పెట్టి పంపించేశాడు. ఆ గారడీవాళ్ళు పెళ్ళాం పిల్లలతో ఊరూరా తిరిగే మనుషులని తావెర్నియే రాశాడు, 1676లో పారిస్‌లో పుస్తకం వేసినప్పుడు. తన పేరు, దొర హోదా, పాదిరి శాపం, మంగలికత్తి అన్నీ అందులో ఎక్కాయి. గారడీవాడి పేరు మాత్రం అడిగి రాసుకోలేదు.