ముసలితనం ఎవరి శాస్త్రం?

మా తరం వాళ్ళం ఈ దేశం వచ్చింది చదువులకీ, ఉద్యోగాలకీ. ఇక్కడే ముసలివాళ్ళం అవుతామన్న ఆలోచన అప్పట్లో లేదు. తమాషా ఏమిటంటే, అమెరికాలో మనకి తలుపు తీసిన వలస చట్టం, అరవై అయిదు దాటినవాళ్ళ వైద్యం ఖర్చు భరించే మెడికేర్ చట్టం, రెండూ 1965లోనే వచ్చాయి. మొదటిదాని పుణ్యమా అని వచ్చినవాళ్ళం, ఇప్పుడు రెండోదాని కార్డు జేబులో పెట్టుకు తిరుగుతున్నాం. అందుకే పండితులు ముసలితనాన్ని ఎలా చదివారో చూద్దామనిపించింది.

ఈ చదువుకి 1903లో జెరంటాలజీ అని పేరు పెట్టినవాడు మెచ్నికాఫ్. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జీవశాస్త్రజ్ఞుడు. పేగుల్లోని చెడ్డ సూక్ష్మజీవులే మనిషిని ముసలివాణ్ణి చేస్తాయనీ, పులిసిన పాలు దానికి విరుగుడనీ ఆయన నమ్మకం. పెరుగన్నంతో గాని భోజనం ముగించని మనవాళ్ళకి ఆయన నచ్చకుండా ఎలా ఉంటాడు! 1909లో న్యూయార్క్ డాక్టరు నాషర్, పిల్లలకి ఉన్నట్టే ముసలివాళ్ళకీ ప్రత్యేక వైద్యం ఉండాలంటూ జెరియాట్రిక్స్ అన్న మాట పుట్టించాడు. 1922లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ హాల్, తాను డెబ్భై దాటాక, వార్ధక్యం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఎవరి గది వారిది. 1939లో కౌడ్రీ సంపాదకత్వంలో వచ్చిన గ్రంథం రకరకాల శాస్త్రాల వాళ్ళని ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది.

ఒకే పంక్తిలో కూర్చున్నంత మాత్రాన అందరిదీ ఒకే మాట అవదు కదా! 1961 సంగతి చూడండి. శరీరం బయట పెంచిన మామూలు మానవ కణాలు సుమారు యాభైసార్లు విభజన చెంది ఆగిపోతాయని ఫిలడెల్ఫియాలో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపించారు. అదే ఏడు కమింగ్, హెన్రీ అనే పరిశోధకులు కాన్సస్ సిటీ పెద్దల్ని పరిశీలించి, వయసు మళ్ళినవాళ్ళూ సంఘమూ ఒకరికొకరు దూరమవడం సహజమన్నారు. మనకి వానప్రస్థం గుర్తొస్తుంది. కణం మాట నిలబడింది. రెండోదాని మీద గట్టి విమర్శలొచ్చాయి. ఉద్యోగం మానిపించి, పలకరించడం తగ్గించి, దాన్ని ప్రకృతి నియమం అంటే ఎలా? వయసు చూసి మనిషిని తక్కువ చెయ్యడానికి 1969లో రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు ఏజిజం అని పేరు పెట్టాడు.

ఇంకో ప్రశ్న, లెక్కలోకి ఎవరొచ్చారని. బాల్టిమోర్‌లో 1958లో మొదలైన దీర్ఘకాల పరిశోధనలో 1978 దాకా ఆడవాళ్ళని చేర్చుకోలేదు. ఎక్కువకాలం బతికేది వాళ్ళేనాయె! భారతదేశంలో 2017-18లో జరిగిన 'లాసీ' సర్వే, నలభై అయిదు దాటిన 72 వేలమందికి పైగా మనుషుల్ని రక్తపోటు, జ్ఞాపకశక్తి, ఆదాయం, కుటుంబం, అన్నిటి గురించీ అడిగింది. గదుల మధ్య గోడలు అలా తగ్గాయి.

మరి ఆరు నెలలు గుంటూరులో, ఆరు నెలలు డాలస్‌లో గడిపే అమ్మ ఏ లెక్కలోకి వస్తుంది? కారు లేనిదే గుమ్మం దాటలేని చోట, భాష రాని వీధిలో ఆమె మాట తగ్గిపోతే, అది మెదడు చేసిన పనా, వీధి చేసిన పనా? డాక్టరు ఒక్కడే చెప్పలేడు, సామాజిక శాస్త్రజ్ఞుడు ఒక్కడే చెప్పలేడు. ఇద్దరూ కలిసి అడగాలి. అలాంటి పరిశోధనకి పిలుపొస్తే మనకెందుకులే అనుకోకండి. వెళ్ళి, మన మాట మన నోటితోనే రాయించి వద్దాం.