కారుకు గోడలెందుకు?

అరకులోయలో ఇల్లు కట్టేవాళ్లు ముందే తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది: బండికి గది కట్టాలా, కప్పు వేస్తే చాలా? పర్యాటకుల్ని తిప్పే జీపో, సంతకు సరుకు తోలే ఆటోనో, ఇంట్లో వాడుకునే కారో వాకిట్లోకి రాగానే మనసు షట్టరున్న గది మీదికే పోతుంది. గది ఉంటే భద్రత, పైగా నలుగురిలో గౌరవం అనుకుంటాం. కానీ ఆ గది ఎక్కడ, ఏ అవసరానికి పుట్టిందో చూస్తే ఈ కొండలకు కావలసింది గట్టిగా బిగించిన కప్పే తప్ప గోడలు కావని తెలుస్తుంది.

బండిని కప్పు కింద నిలపడం మనకు కొత్త కాదు. ఎడ్లబండికి పాక ఉండేది. జమీందారుల మేడలకు, దొరల బంగళాలకు ముందు స్తంభాల పోర్టికో ఉండేది. గుర్రబ్బండి దాని కింద ఆగితే దిగేవాళ్లు తడవకుండా లోపలికి వెళ్లేవారు. ఇవాళ తెలుగువాళ్ల ఇళ్ల ముందు కారు నిలుస్తున్న పోర్టికో అక్కణ్నుంచి వచ్చిందే. మూసిన గ్యారేజీ పుట్టింది వేరే చోట. 20వ శతాబ్దం మొదట్లో ఐరోపా, అమెరికా కార్లలో చాలావాటికి పైన గుడ్డో తోలో తప్ప కప్పు లేదు, పక్కన అద్దాల్లేవు. మంచు కురిసే చలిలో ఇంజను స్టార్టు కావడమే గగనం. అందుకే కార్లు గుర్రపుశాలల్లో తలదాచుకున్నాయి, తర్వాత వాటికోసమే గదులు లేచాయి. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1910 నాటికి షికాగోలో కట్టిన రోబీ ఇంటికి మూడు కార్ల గ్యారేజీ ఉంది. అయితే ఆయన దగ్గర పనిచేసి బయటికొచ్చిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ 1909లోనే ఎల్మ్‌హర్స్ట్‌లో ఒక ఇంటికి గోడల్లేని కారు కప్పు వేశాడు. కాన్‌బెరా నగరానికి ప్లాను గీసిన ఈ గ్రిఫినే చివరి రోజుల్లో మన దేశానికి వచ్చి, 1937లో లక్నోలో కన్నుమూశాడు. అదే ఏడాది మాడిసన్‌లో రైట్ చేతుల మీదుగా జేకబ్స్ ఇల్లు పూర్తయింది. 5,500 డాలర్లకే ముగిసిన ఆ ఇంట్లో కారుకు కప్పు తప్ప గది లేదు. కారు గుర్రం కాదు, దానికి శాల దేనికన్నది రైట్ వాదన. ఒకప్పుడు గ్యారేజీ కట్టిన మనిషే పాతికేళ్లు దాటాక దాని గోడలు తీసేశాడు.

ఇక మన కొండల సంగతి. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, ఆపైన చలి, పొగమంచు. తడిసిన బండిని గాలాడని గదిలో పెట్టి షట్టరు దించితే ఆ తడి ఎక్కడికి పోతుంది? మడ్‌గార్డుల లోపల, తలుపుల అడుగున పట్టిన మట్టి రాత్రంతా నానుతూనే ఉంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కప్పు కింద పొగమంచు తగలదా అంటే తగులుతుంది, కానీ పొద్దెక్కగానే ఆరిపోతుంది. తుప్పును మించిన ప్రమాదం ఇంకొకటుంది. డిసెంబరు, జనవరి చలి ఉదయాల్లో ఇంజను వేడెక్కేదాకా ఆన్‌లో ఉంచాలనిపిస్తుంది. ఇంటికి ఆనుకున్న మూసిన గదిలో ఆ పని చేస్తే కార్బన్ మోనాక్సైడ్ తలుపు సందుల్లోంచి పడకగదుల్లోకి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నాలుగు గోడలు లేపే స్తోమతు ఉంటే అవి ముందు మనుషులకు, పంటకు అక్కరకు రావాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ పండించే గిరిజన రైతుకు కోతల కాలంలో చోటు ఎంత అపురూపమో చెప్పనక్కర్లేదు. వాకిట్లో ఆరబోసిన గింజ మీద అకాల వాన పడితే టార్పాలిన్‌తో సహా లాగి దాచడానికి తెరిచిన కప్పే నయం. కాఫీ గింజ పక్కనున్న వాసనను పీల్చుకుంటుంది, డీజిలు మరకల మీద పోస్తే పాడవుతుంది కదా అనొచ్చు. నిజమే. అందుకే కప్పును ఒక బారెడు ఎక్కువ వేసి, ఆ వైపు నేలను ఎత్తుచేసి విడిగా ఉంచుకోవాలి. గింజ అక్కడున్నంతసేపూ బండి బయటే ఉండాలి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం గాలిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి లోపలికి వచ్చినప్పుడు ఈ కొండల కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లే కూలాయి. రేకు కప్పు నిలుస్తుందా? గాలి దాన్ని కిందనుంచి తోస్తుంది, పైనుంచి లాగుతుంది. బరువు మోసేలా కడితే చాలదు, ఎగరకుండా కట్టాలి. పైపు స్తంభాన్ని మట్టిలో పాతి వదలకుండా కాంక్రీటు దిమ్మలో బోల్టులతో బిగించాలి. రేకుకు జే బోల్టు ఉబ్బు మీదే వెయ్యాలి, నీరు పారే పల్లంలో కాదు. రేకు ముందుగా లేచేది అంచు నుంచే కాబట్టి అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా పడాలి. వాన ఏటవాలుగా కొట్టే వైపు వెదురు తడక కట్టి, తుఫాను హెచ్చరిక రాగానే విప్పేయొచ్చు. గది ఉంటే ఈ బాధ లేదనుకోవడం పొరపాటు. షట్టరు ఒక్కటి ఊడితే గాలి లోపల నిండి కప్పునే లేపుతుంది.

దొంగల భయానికి గేటు, చక్రాల తాళం ఉన్నాయి. నెలల తరబడి బండి వదిలిపోయేవాళ్లు గది కట్టుకోవడంలో తప్పులేదు. రోజూ బండి తీసేవాళ్లు మాత్రం షట్టరుకు పెట్టే డబ్బు పునాది దిమ్మలకు, బోల్టులకు పెట్టండి.