వేధశాల దస్త్రములలో మన పేరులు

చెన్నపట్టణమున నుంగంబాకములో వాతావరణ శాఖవారి ఆవరణమందు గ్రానైటు స్తంభమొకటి కలదు. దాని బరువు సుమారు 10 టన్నులు. 1792లో మద్రాసు వేధశాలను కట్టినప్పుడు ఖగోళ యంత్రమును నిలుపుటకై దానిని నాటిరి. దానిపై చెక్కిన శాసనములో తమిళముతోపాటు తెలుగును కలదు. వేయేండ్ల తరువాత పుట్టబోవువారికి సైతము ఆ కట్టడపు కాలము తెలియవలెనని నాటివారి కోరిక.

రాతికి ఎండవానల భయము తక్కువ. కాగితము సంగతి అట్లు కాదు. చెద, చెమ్మ, తుప్పుపట్టిన గుండుసూది, వీటన్నిటిని మించి మనుష్యుని అశ్రద్ధ దానికి శత్రువులు. ఈ శత్రువులనుండి కాగితమును కాపాడుట ఒక వృత్తి. దానిని చేపట్టినవారిని ఆర్కైవిస్టు అందురు. వైజ్ఞానిక పరిశోధనాలయమున ఈ ఉద్యోగము ఎట్టిదో, మన పిల్లలు దానిని ఎందుకు చేపట్టవలెనో ఇక్కడ విన్నవింతుము.

ఆ వేధశాల కథనే ఉదాహరణముగా గైకొందము. 1786లో విలియం పెట్రీ అను కంపెనీ అధికారి ఎగ్మూరులో సొంత యంత్రములతో ఆరంభించిన పని కొలదికాలమునకే కంపెనీవారి పరమై, నుంగంబాకమునకు చేరినది. 1899లో కొడైకెనాల్ కొండపై సూర్యవేధశాల వెలసినది. హైదరాబాదులో నిజామియా వేధశాల ఖగోళజ్ఞుడైన తండ్రిచెంత పెరిగిన వైను బప్పు ఆ పరంపరకు సారథియయ్యెను. 1971లో అది భారత ఖగోళభౌతిక సంస్థ అను స్వతంత్ర సంస్థగా రూపొందినది. నేడు దాని కేంద్రము బెంగుళూరు. మద్రాసు వేధశాల పాత కాగితములును ఆ సంస్థ భద్రతలోనే ఉన్నవి.

ఇట్టిచోట కొత్తగా చేరిన యువకుడు నేర్వవలసిన తొలిపాఠము, తొందరపడి సర్దకుండుట. వచ్చిన కట్ట ఎవరిది, ఏ తేదీన వచ్చినది అనునది ముందు నమోదు పుస్తకమున వ్రాయవలెను. ఒకరి కట్టను వేరొకరి కట్టతో కలుపరాదు. కట్టలోని వరుసను చెదరగొట్టరాదు. నక్షత్రము యామ్యోత్తరరేఖను దాటిన క్షణమును వ్రాసిన పుటలో గడియారపు తప్పును గుర్తించి యుండవచ్చును. ఆ పుటను వేరుచేసినచో తప్పు ఒకచోట, లెక్క ఒకచోట పడి రెండును వ్యర్థమగును. సిరాకలము దరికి రానీయరాదు, పెన్సిలుతోనే గుర్తులు పెట్టవలెను. గాజు ఫలకములను అంచులయందే పట్టుకొని నిలువుగా అమర్చవలెను.

ఈ ఓర్పునకు ఫలమేమందురా? కొడైకెనాలులో 1904 నుండి సూర్యుని ఛాయాచిత్రములను తీయుచు భద్రపరచుచు వచ్చిరి. సూర్యబింబముపై మచ్చలు సుమారు 11 ఏండ్లకొకమారు హెచ్చి తగ్గుచుండును. అట్టి మార్పును ఎరుగుటకు ఒక మనుష్యుని ఆయువు చాలదు. తాతలు తీసిన ఫలకములను మనుమలు కొలువవలసినదే. ఆ ఫలకములను నేడు కంప్యూటరులోనికి ఎక్కించి శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. కనుక పరిశోధనాలయమున పాత దస్త్రము కేవలము జ్ఞాపకచిహ్నము కాదు, అదియు ఒక పనిముట్టే.

ఇక మా ముఖ్యవిషయమునకు వత్తుము. ఆ కాగితములలో మన దేశీయుల పేరులు కలవు గాని, మనము పలుకు రూపమున లేవు. విశాఖపట్టణమున 1841లో సొంత వేధశాల స్థాపించిన గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసు వేధశాలాధిపతి టేలరు శిష్యులు. ఇంగ్లీషు పుటలలో వారు ‘జగ్గరో’. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ వేధశాలను నడిపి, 1874 నాటి శుక్రగ్రహ సంక్రమణమును పరిశీలించిరి. వారి పేరును ‘నర్సింగ్ రో’ అని అచ్చువేసిరి. తెలుగెరుగని గుమాస్తా దానిని ఆసుపత్రి దాదుల పనికి సంబంధించినదిగా జమకట్టినను ఆశ్చర్యము లేదు!

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగునేలమీదుగా సాగినది. ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ మచిలీపట్టణములోను దానిని చూచిరి. ఆ వేధశాల సహాయకులు చింతామణి రఘునాథాచార్యులవారు వనపర్తిలో చూచిరి. ఆచార్యులవారు తమిళదేశపు పండితులు, 1867లో ఒక చరనక్షత్రమును కనుగొన్నవారు. వారి పేరును ఇంగ్లీషు కాగితములలో పలువిధముల వ్రాసిరి. ‘వనపర్తి’ని కూడ ఆనవాలు పట్టుట కష్టము.

ఒకే మనిషికి, ఒకే ఊరికి గల అక్షరభేదములన్నింటిని ఒకచోట చేర్చి, ఇదియు అదియు ఒకటేయని చూపు పట్టికను కూర్చుట ఆర్కైవిస్టు పనులలో ముఖ్యమైనది. ఆ పట్టిక లేనిచో వెదకువారికి మనిషి దొరకడు. దొరకనివాడు చరిత్రలో లేనివానితో సమానము. పాగ్సన్ పేరును ఎవరైనను పోల్చుకొందురు. ‘నర్సింగ్ రో’ అని చదివి నరసింగరావుగారిని పోల్చుకొనుటకు మన ఇంటి పలుకు చెవిని పడియుండవలెను. బయట తమిళమో కన్నడమో మాటలాడి, బడిలో ఇంగ్లీషు చదివి, ఇంట తెలుగు వినుచు పెరిగిన మన పిల్లలకు ఈ పనిలో పుట్టుకతోనే సగము శిక్షణ అబ్బినట్లే.

తక్కిన సగమునకు మార్గములు కలవు. ఢిల్లీలో జాతీయ దస్త్రభాండాగారమువారి విద్యాలయము ఈ విద్యలో డిప్లొమా ఇచ్చుచున్నది. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రమున 2019లో ఆర్కైవ్స్ నెలకొల్పిరి. చరిత్ర చదివినవారు కొంత విజ్ఞానమును, విజ్ఞానము చదివినవారు కొంత చరిత్రను నేర్చుకొని ఇట్టిచోట్ల అడుగుపెట్టవచ్చును.

అయితే ఇంటి తెలుగు సన్నగిల్లుచున్నదని మనకందరకు తెలియును. తాతగారి ఉత్తరమును చదువలేని మనుమడు మన కుటుంబములలో అరుదు కాడు. అతడు రేపు ఆర్కైవిస్టు అయినను, జగ్గారావుగారు అతనికి ‘జగ్గరో’గానే మిగిలిపోవుదురు. కావున ఈ వృత్తికి తొలిపాఠశాల మన ఇల్లే. అటకమీది పెట్టెను దింపి, తాతగారి ఉత్తరములను వరుస చెదరకుండ పిల్లలచేత చదివింతము. పాత ఛాయాచిత్రమును కాగితపు కవరులో నుంచి, అందున్నవారి పేరులను కవరుపై పెన్సిలుతో తెలుగున వ్రాయింతము. ఆ పేరులు చెప్పగల పెద్దలు ఇంట నుండగానే ఈ పని జరుగవలెను.